‘ఓషి నో కో’ను ఇంట్లో పిల్లలతో కలిసి చూసే పద్ధతి

రంగుల బొమ్మలు కదా అని పిల్లల చేతికి రిమోట్ ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోదగిన ధారావాహిక కాదిది. అకా అకసాకా రచించగా మెంగో యోకోయారి బొమ్మలు గీసిన మాంగా (జపాన్ బొమ్మల కథ) ఆధారంగా 2023 ఏప్రిల్‌లో మొదలైన ఈ అనిమే (జపాన్ యానిమేషన్ ధారావాహిక), జపాన్‌లో ఆటపాటలతో అభిమానులను అలరించే యువ ‘ఐడల్’ తారల కీర్తి వెనుకనున్న చీకటిని చూపిస్తుంది. మొదటి భాగం నిడివి దాదాపు గంటన్నర. అందులో కత్తిపోటు దృశ్యం ఉంది కనుక ముందుగా పెద్దవారు ఒక్కరే పూర్తిగా చూడాలి.

పిల్లలతో చూసేటప్పుడు కళ్లను గమనించమనండి. కథలోని ఐడల్ తార ఐ హోషినో కళ్లు రెండింటిలోనూ నక్షత్రాలుంటాయి. ఆమె కొడుకు ఆక్వాకు ఒక కంటిలోనే ఉండే నక్షత్రం, పగ ముదిరినప్పుడు నల్లబడుతుంది.

ఆరో భాగం దగ్గర మాత్రం తప్పక ఆగాలి. రియాలిటీ షోలో అనుకోకుండా సహనటి ముఖం గీరిన యువనటి అకానె, వేలాది దూషణలను రాత్రంతా ఫోన్‌లో చదువుకుంటూ చివరకు ప్రాణం తీసుకోవడానికి సిద్ధపడుతుంది. తిరుపతిలో మా ఇంట్లో చూస్తున్నప్పుడు, పదో తరగతి చదివే మా అన్న కూతురు “చిన్నాయనా, ఆ పిల్ల ఫోన్ పక్కన పెట్టేయొచ్చు గదా?” అని అడిగింది. ఆ ప్రశ్నకు ఉపన్యాసం ఇవ్వకుండా, “నువ్వైతే పెట్టగలవా?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికగా కూర్చోవాలి. పిల్లల మాటల్లో ఏమాత్రం దిగులు కనిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్‌కు, ఉచిత సంఖ్య 14416లో, ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి.