ఇన్‌ఫ్రారెడ్‌కి మార్చిన కెమెరా సతాయిస్తోందా? మళ్ళీ విప్పే ముందు ఇవి చూడండి

సెన్సర్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే హాట్ మిర్రర్ గ్లాస్ తీసేసి, దాని చోట ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్‌నే పంపే 720 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టాక ఫోటోలు సరిగ్గా రాకపోతే చాలామంది ఫిల్టరే మంచిది కాదనుకుని మళ్ళీ స్క్రూడ్రైవర్ పట్టుకుంటారు. దయచేసి ఆగండి, చాలా సమస్యలకి కారణం కెమెరా విప్పకుండానే తెలిసిపోతుంది.

ఫోటో మొత్తం ఎర్రగా వస్తోంది
ఇది రిపేరు కాదు, వైట్ బ్యాలెన్స్. ఎండలో ఉన్న పచ్చగడ్డిని ఫ్రేమ్ నిండా తీసి దాంతో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ సెట్ చేయండి, ఆకులు తెల్లబడతాయి. అదే రా ఫైల్ (కెమెరా మార్పులేవీ చేయకుండా దాచే ఫోటో ఫైల్) ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో తెరిస్తే మళ్ళీ ఎర్రగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ టెంపరేచర్ స్లైడర్ 2000 కెల్విన్ కంటే కిందికి దిగదు, అందుకని అడోబీ డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్‌లో మీ కెమెరాకి సొంత ప్రొఫైల్ (రంగుల్ని ఎలా చదవాలో చెప్పే ఫైల్) చేసుకోవాలి. నీలం ఆకాశం కావాలంటే ఫోటోషాప్ ఛానెల్ మిక్సర్‌లో రెడ్, బ్లూ తారుమారు చేస్తే చాలు. 850 నానోమీటర్ల ఫిల్టర్ వేసినవాళ్ళు మాత్రం రంగుల జోలికి వెళ్ళకండి, అందులో వచ్చేది బ్లాక్ అండ్ వైటే.

ఫోకస్ కుదరట్లేదు
అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి ఇదే, కాస్త ఓపిగ్గా చూడండి. ట్రైపాడ్ మీద పెట్టి ఒకే వస్తువుని ఒకసారి వ్యూఫైండర్‌తో, ఒకసారి లైవ్ వ్యూతో (వెనక స్క్రీన్‌లో చూస్తూ) ఫోకస్ చేసి తీయండి. లైవ్ వ్యూలో షార్ప్‌గా ఉండి వ్యూఫైండర్‌తో మసకగా వస్తే ఫిల్టర్ తప్పేం లేదు, డీఎస్ఎల్ఆర్‌లో ఏఎఫ్ (ఆటోఫోకస్) సెన్సర్ వేరే చోట ఉండి మామూలు వెలుతురు లెక్కనే ఫోకస్ పెడుతుంది, ఇన్‌ఫ్రారెడ్ ఫోకస్ అయ్యేది ఇంకాస్త వెనక. మెనూలో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ (ఆటోఫోకస్‌ని కాస్త ముందుకీ వెనక్కీ జరిపే సెట్టింగ్) ఉంటే సరిచేయండి, లేకపోతే లైవ్ వ్యూలోనే తీసుకోండి, నేనైతే అదే చెప్తాను. మాన్యువల్‌లో తిప్పినా దూరంగా ఉన్న కొండ షార్ప్‌గా రావట్లేదంటే అప్పుడు సెన్సర్ ముందు పెట్టిన ఫిల్టర్ గ్లాస్ మందం చూడాలి: గాజు మందంలో సుమారు మూడో వంతు ఫోకస్ వెనక్కి జరుగుతుంది, కాబట్టి తీసేసిన పాత గ్లాస్ కంటే పల్చటిది పెట్టినా, అసలు పెట్టకపోయినా ఇన్ఫినిటీ (చాలా దూరపు వస్తువుల మీద ఫోకస్) పోతుంది. ఫ్రేమ్‌లో ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే సెన్సర్ వంకరగా కూర్చుంది, దాని కింద షిమ్‌లు (ఎత్తు సరిచేసే పల్చటి రేకులు) ఎక్కడివక్కడ పెట్టారో లేదో చూడండి.

మధ్యలో తెల్లటి మచ్చ
లెన్స్ వల్ల వచ్చే హాట్‌స్పాట్. ఎఫ్/16లో ముదిరి ఎఫ్/5.6లో తగ్గితే ఖాయం. అపర్చర్ తెరవండి, లేదా లెన్స్ మార్చండి.

బ్లోయర్ కొట్టినా పోని నల్ల చుక్కలు
దుమ్ము ఫిల్టర్ కింద ఇరుక్కుంది, దీనికి మాత్రం విప్పక తప్పదు. బ్యాటరీ తీసేసినా ఫ్లాష్ కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు ఉండొచ్చు, రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి మీటర్‌తో చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి. తిరిగి బిగించాక కెమెరా ఆన్ కాకపోతే కంగారు పడి బోర్డు పోయిందనుకోవద్దు, ముందు రిబ్బన్ కేబుళ్ళు ఒక్కోటి తీసి సరిగ్గా గుచ్చండి.