మలిషస్ అని ఎప్పుడు రాయాలి?

కోర్టు పక్కన టైపింగ్ షాపులో కూర్చుని, జనం తెలుగులో చెప్పుకున్న గోడును ఇంగ్లీషులో అర్జీగా టైపు చేయడం నా పని. నేను అన్నిటికన్నా భయంగా వాడే ఇంగ్లీషు మాట మలిషస్ (malicious).

ముందు పలికే తీరు. మాలీషియస్ కాదు. డెలిషస్ అన్నట్టే మలిషస్, ఒత్తు 'లి' మీద. దీని నామవాచకం మ్యాలిస్. అక్కడ ఒత్తు మొదటి అక్షరం మీదికి వెళ్తుంది.

అర్థం: ఎదుటివాడికి చెడు జరగాలని కోరి చేసినది. దురుద్దేశంతో, కక్షతో, అక్కసుతో అంటాం కదా, అది. చిక్కంతా మన 'కావాలని' దగ్గరే వస్తుంది. 'కావాలనే చేశాడండీ' అంటే తెలిసి చేశాడనీ కావచ్చు, పగతో చేశాడనీ కావచ్చు. ఇంగ్లీషులో ఇవి రెండు వేర్వేరు మాటలు. తెలిసి చేస్తే డెలిబరేట్, కీడు తలపెట్టి చేస్తే మలిషస్. ఆపరేషన్ చేసే డాక్టరు కత్తి పెట్టేది కావాలనే, కానీ అందులో మ్యాలిస్ లేదు.

ఈ తేడా నాకు ఒక ప్రహరీ గోడ నేర్పింది. ట్రాక్టరు వెనక్కి తీస్తూ పక్కింటాయన మా గోడ పడగొట్టాడని ఒక పెద్దాయన వచ్చారు. ఆయన చెప్పింది 'చూసుకోకుండా గుద్దేశాడు' అని. బరువుగా ఉంటుందని నేను 'మలిషస్లీ డ్యామేజ్డ్' అని కొట్టాను. లాయరుగారు ఆ మాట కింద ఎర్ర గీత గీసి, 'కక్ష ఉందని రేపు నువ్వొచ్చి చెబుతావా?' అని అడిగారు. అక్కడ రాయాల్సింది నెగ్లిజెంట్లీ, అంటే అజాగ్రత్తగా.

అందుకే ఇప్పుడు ఆ మాట కొట్టే ముందు 'మీ ఇద్దరికీ అంతకుముందు గొడవలున్నాయా? బెదిరించాడా? విన్నవాళ్లున్నారా?' అని అడుగుతాను. తేదీలతో చెప్పగలిగితేనే మలిషస్. లేదంటే జరిగింది జరిగినట్టు రాస్తాను. ఒక మనిషి మనసులో విషం ఉందని కాగితం మీద పెట్టడం చిన్న విషయం కాదు.

చట్టం కూడా ఈ తేడా పాటిస్తుంది. మత భావాలను గాయపరిచే నేరానికి పాత ఐపీసీ 295ఎలో డెలిబరేట్, మలిషస్ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 299లోనూ అంతే. తెలియక, అజాగ్రత్తగా అన్న మాటకు ఈ సెక్షన్ వర్తించదని 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఫోన్లో 'మలిషస్ యాప్' అని హెచ్చరిక వస్తే ఆ దురుద్దేశం తయారుచేసిన వాడిది. పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు (ఫోన్లోకి యాప్ ఎక్కించేవి) అలాంటివే, తెరవకండి. రోగాలకు మాత్రం ఈ మాట వాడరు. క్యాన్సర్ గడ్డను మాలిగ్నెంట్ అంటారు.

ఎక్కువమంది అడిగేది మలిషస్ ప్రాసిక్యూషన్, అంటే కక్షతో పెట్టిన తప్పుడు కేసు. కేసు కొట్టేశారు కాబట్టి నష్టపరిహారం వచ్చేస్తుందనుకుంటారు. అది చాలదు. సరైన కారణం లేకుండా పెట్టారనీ, మ్యాలిస్‌తో పెట్టారనీ, దానివల్ల మీకు నష్టం జరిగిందనీ చూపాలి. దావా వేయడానికి గడువు కేసు ముగిసిన రోజు నుంచి ఒక్క ఏడాదే. అందుకే ఎవరైనా తీర్పు కాపీ నా చేతిలో పెట్టగానే ముందు తేదీ చూస్తాను.