చెన్నైలో యాభై ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్: దరఖాస్తు విధానం

తాతగారి కాలంనాటి ఫియట్ 1100నో, స్టాండర్డ్ హెరాల్డ్‌నో బాగు చేయించుకొని చెన్నై నుంచి నెల్లూరు, ఒంగోలు మీదుగా విజయవాడ దాకా తామే నడుపుకుంటూ వెళ్లాలనుకునేవారు ఫారాలు నింపే ముందే ఒక విషయం తేల్చుకోవాలి. అది ఆ కారును వింటేజ్ తరగతిలోకి మార్చాలా, లేక ఇప్పుడున్న సాధారణ రిజిస్ట్రేషన్‌నే రెన్యువల్ చేయించుకోవాలా అన్నది. రెండింటికీ ఫారాలు వేరు, రుసుములు వేరు. రోడ్డు మీద కారుకు దొరికే స్వేచ్ఛ కూడా వేరు.

వింటేజ్ తరగతి 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణతో వచ్చింది. దాని ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగిన తేదీ నుంచి యాభై ఏళ్లు నిండిన ద్విచక్ర వాహనాలు, నాలుగు చక్రాల వాహనాలు ఈ తరగతికి అర్హమైనవి. వాహనం అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌ను గాని, బాడీ షెల్‌ను గాని, ఇంజిన్‌ను గాని మార్చేసేంత భారీ పని చేయించి ఉండకూడదు. పెట్రోలు ఖర్చు తగ్గుతుందని ఒకప్పుడు చాలామంది అంబాసిడర్లలో మటాడోర్ డీజిల్ ఇంజిన్ బిగించుకున్నారు. అలాంటి బండి బయటికి ఎంత ముచ్చటగా ఉన్నా వింటేజ్ తరగతిలో నిలబడదు. సాధారణ రెన్యువల్‌కు వెళ్లినా, ఇంజిన్ మార్పునకు రవాణా శాఖ అనుమతి తీసుకొని ఆర్.సి.లో నమోదు చేయించి ఉంటేనే పని ముందుకు సాగుతుంది.

వింటేజ్‌గా నమోదైన వాహనాన్ని ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజ్ ర్యాలీలో పాల్గొనడానికి, అక్కడికి వెళ్లి రావడానికి, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కించాలి. రోజువారీ వాడకానికి, వ్యాపారానికి అనుమతి లేదు. పెళ్లి ఊరేగింపులకు అద్దెకు తిప్పడం వ్యాపారం కిందికే వస్తుంది. కుటుంబంతో తిరుమలకో, అరకుకో సొంతంగా వేసుకునే యాత్ర ఈ జాబితాలో ఎక్కడా లేదు. అందువల్ల దూర ప్రయాణాలే ప్రధాన ఉద్దేశమైతే సాధారణ రెన్యువలే సరైన దారి అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఏడాదికి ఒకటి రెండు ర్యాలీలతో సరిపెట్టుకొని మిగతా రోజులు కారును షెడ్డులో భద్రపరిచేవారికి వింటేజ్ తరగతి చక్కగా కుదురుతుంది.

రుసుముల లెక్క మాత్రం కొందరిని తికమక పెడుతుంది. కొత్త వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు చెల్లిస్తే అది పదేళ్లు చెల్లుతుంది. ఆ తరవాత రీ-రిజిస్ట్రేషన్‌కు 5,000 రూపాయలు సరిపోతాయి. సాధారణ రెన్యువల్ ఐదేళ్లకే చెల్లుతుంది. 2025 ఆగస్టులో సవరించిన రుసుముల ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన కారుకు దాని కోసం 10,000 రూపాయలు, దిగుమతి చేసుకున్న కారైతే 80,000 రూపాయలు కట్టాలి, జీఎస్టీ అదనం. థర్డ్ పార్టీ బీమాలో కూడా వింటేజ్‌గా నమోదైన ప్రైవేటు కారుకు ప్రీమియం సగమే. ఈ అంకెలు చూసి, ముఖ్యంగా దిగుమతి కార్ల యజమానులు, వింటేజ్ వైపు మొగ్గడం సహజమే. అయితే ఆ పొదుపుకు బదులుగా వదులుకుంటున్నది ఇష్టమైనప్పుడు హైవే ఎక్కే హక్కు అని గుర్తుంచుకోవాలి.

వింటేజ్ దరఖాస్తు

కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటైన పరివాహన్ పోర్టల్ ద్వారా ఫారం 20 సమర్పించాలి. బీమా పాలసీ, రుసుము చెల్లించిన రసీదు, మన దేశంలో ఇప్పటికే నమోదై ఉంటే పాత ఆర్.సి., దిగుమతి వాహనమైతే కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) జతచేయాలి. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన కమిటీ వాహనాన్ని చూసి అర్హత తేలుస్తుంది. ఆమోదం లభిస్తే అరవై రోజుల్లోగా ఫారం 23ఏలో ధ్రువపత్రం ఇవ్వాలి. ఇప్పటికే నంబరు ఉన్న కారు ఆ పాత నంబరునే ఉంచుకోవచ్చు. కొత్తగా నమోదయ్యే వాటికి టి.ఎన్. తరవాత వి.ఏ. అనే అక్షరాలు, ఆపై రెండక్షరాల శ్రేణి, నాలుగంకెల సంఖ్య వస్తాయి. ఇలా నమోదైన వాహనాన్ని అమ్మినా, కొన్నా తొంభై రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి.

సాధారణ రెన్యువల్ దరఖాస్తు

దీనికి ఫారం 25. గడువు తీరడానికి అరవై రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. గడువు దాటితే కారుకు నెలకు 500 రూపాయల చొప్పున అదనపు రుసుము కేంద్ర నిబంధనల్లో ఉంది. అంటే రెండేళ్లు ఆలస్యమైతే ఆ పద్దు కిందే 12,000 రూపాయలు. పాత వాహనాలపై తమిళనాడు ప్రభుత్వం విధించే హరిత పన్ను వేరుగా కట్టాలి. దరఖాస్తును మీ చిరునామా ఏ ఆర్.టి.ఓ. పరిధిలోకి వస్తే అక్కడే ఇవ్వాలి; ఉదాహరణకు కె.కె.నగర్‌కు టి.ఎన్. 09, తిరువాన్మియూరుకు టి.ఎన్. 07.

ఎక్కువమందికి పని ఆగేది ఇక్కడే. చేతిరాతతో ఉన్న పాత ఆర్.సి. పుస్తకాల వివరాలు చాలావాటికి రవాణా శాఖ కంప్యూటర్ రికార్డైన వాహన్ డేటాబేస్‌లో కనిపించవు. పోర్టల్‌లో నంబరు కొట్టినప్పుడు వివరాలు రాకపోతే, ముందుగా అసలు పుస్తకంతో ఆర్.టి.ఓ. కార్యాలయానికి వెళ్లి బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం, చేయించుకోవాలి. ఆ తరవాతే ఆన్‌లైన్‌లో రుసుము కట్టడం సాధ్యమవుతుంది. పుస్తకమే పోయినట్లయితే పోలీసు ధ్రువపత్రంతో ఫారం 26లో డూప్లికేట్ కోరాలి.

తనిఖీ రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బ్రేకులు, లైట్లు, హారన్ చూడడంతో పాటు ఇంజిన్ నంబరును, ఛాసిస్ నంబరును ఆర్.సి.తో సరిపోల్చుతారు. ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం ఉంచి పెన్సిల్ రుద్ది తీసిన అచ్చును దరఖాస్తుకు అతికించమంటారు. పదేపదే పెయింట్ వేయించిన కార్లలో ఆ అంకెలు రంగు పొరల కింద పూడిపోయి 3కు, 8కి తేడా తెలియకుండా అచ్చు పడుతుంది. అలాంటప్పుడు థిన్నర్‌లో ముంచిన గుడ్డతో నెమ్మదిగా తుడిచి రంగు వదిలించాలే తప్ప, గీకుడు పరికరం గాని, ఎమెరీ పేపరు గాని వాడకూడదు. గీతలు పడిన నంబరు దిద్దిన నంబరులా కనిపిస్తుంది. ఆ అనుమానాన్ని తీర్చడం రెన్యువల్ కన్నా పెద్ద పని.

పొగ ధ్రువపత్రం కూడా సిద్ధంగా ఉండాలి. భారత్ స్టేజ్ ప్రమాణాలకు ముందు నాటి పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ మూడు శాతం మించరాదు. కార్బురేటర్‌ను ట్యూన్ చేయించి, ఇంజిన్ బాగా వేడెక్కిన తరవాత పరీక్షకు వెళ్తే ఆ హద్దును అందుకోవడం కష్టం కాదు.

ఆర్.సి. ఇంకా పెద్దల పేరునే ఉంటే

యజమాని మరణించినప్పుడు వారసులు ముప్పై రోజుల్లోగా ఆర్.టి.ఓ.కు తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31 ద్వారా పేరు మార్పు కోరాలన్నది నిబంధన. ఆచరణలో దశాబ్దాల తరవాత కదిలే కుటుంబాలే ఎక్కువ. అటువంటివారు మరణ ధ్రువపత్రంతో పాటు తహసీల్దారు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రాన్ని, మిగిలిన వారసుల అంగీకార పత్రాలను ముందే సమకూర్చుకోవాలి. ఒక వారసుడు నెల్లూరులో, మరొకరు విదేశంలో ఉంటే సంతకాలకే నెలలు పట్టవచ్చు కాబట్టి ఈ పనిని అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాలి. ఆంధ్రప్రదేశ్ నంబరు ఉన్న కారును పన్నెండు నెలలకు మించి చెన్నైలో ఉంచితే, ఆంధ్రలో అది నమోదైన ఆర్.టి.ఓ. నుంచి ఫారం 28లో నిరభ్యంతర పత్రం తెచ్చి, ఫారం 27 ద్వారా తమిళనాడు నంబరు తీసుకోవాలి.

బయలుదేరే ముందు

టోల్ గేట్ల కోసం ఫాస్టాగ్ తప్పనిసరి. బ్యాంకులు దానిని వాహన్ వివరాలతో పోల్చి ఇస్తాయి కనుక బ్యాక్‌లాగ్ ఎంట్రీ పూర్తి కాకముందు ప్రయత్నించడం వృథా. ఐదేళ్లు దాటిన వాహనానికి బీమా విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకొని నిర్ణయిస్తారు. మరమ్మతుల బిల్లులు, ఫొటోలు చూపితే ఆ విలువ న్యాయంగా కుదురుతుంది. ఢిల్లీ దాకా వెళ్లే ఆలోచన ఉన్నవారు పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లపై అక్కడి రాజధాని ప్రాంతంలో ఉన్న ఆంక్షల తాజా స్థితిని ముందే చూసుకోవాలి. వింటేజ్‌గా నమోదైన కారుతో ర్యాలీకి వెళ్లేవారు నిర్వాహకుల ఆహ్వాన పత్రాన్ని, తేదీలు, మార్గం కనిపించేలా, ఆర్.సి.తో పాటే కారులో ఉంచుకోవాలి. తడ సరిహద్దు దాటాక ఎవరైనా ఆపి అడిగితే ఆ ప్రయాణం అనుమతించిన పని మీదేనని చూపగలిగే కాగితం అదే.