చలికాలం షిఫ్టుకి ముందు: కండక్టివ్ ఇన్‌సోల్స్ వేసుకుంటున్నారా?

డిసెంబర్ వచ్చింది, హైదరాబాద్‌లో గాలి పొడిబారింది, తలుపు హ్యాండిల్ ముట్టుకుంటే ఒంట్లో చేరిన స్టాటిక్ ఛార్జ్‌తో చురుక్కుమంటోంది. చర్లపల్లి, రావిర్యాల వైపు ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల పనికి వెళ్లేవాళ్లు బూట్లలో పాదం కింద ఈ నల్ల ఫోమ్ కండక్టివ్ ఇన్‌సోల్ పెట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

కరెంటు పని ఉన్న రోజు అస్సలు వేసుకోవద్దు. ఇది స్టాటిక్‌ని నేలలోకి పంపడానికి చేసింది, షాక్ నుంచి కాపాడటానికి కాదు. కండక్టివ్ బూట్లంటే 100 కిలో ఓమ్‌ల కంటే తక్కువ రెసిస్టెన్స్, అంటే లైవ్ వైరు తగిలితే కరెంటుకి మీరే దారి చూపించినట్టు. యాంటీస్టాటిక్ అని రాసినవి వేరు, వాటి రెసిస్టెన్స్ అంతకంటే ఎక్కువ. రెండూ ఒకటే అనుకుని కొనేవాళ్లే ఎక్కువ!

బూటు అడుగు భాగం మామూలు రబ్బరైతే డబ్బు దండగ. ఛార్జ్ ఇన్‌సోల్ దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. నేల కూడా స్టాటిక్‌ని కిందికి దింపే ఈఎస్‌డీ మ్యాటో, ఫ్లోరో అయి ఉండాలి.

ఇన్‌సోల్ కింద ప్లాస్టిక్ కవర్ ఉందేమో తీసి చూడండి, నేను రెండు రోజులు అలాగే తిరిగాను.

చలికని మందపాటి నైలాన్ సాక్స్ వద్దు, పల్చటి కాటన్ చాలు.

రెండు కాళ్లకీ వేసుకోండి, నడిచేటప్పుడు ఒక పాదం గాల్లోనే ఉంటుందిగా.

కంపెనీ ఇచ్చిన సేఫ్టీ షూలో మీరే ఇన్‌సోల్ మార్చకండి, ముందు సూపర్‌వైజర్‌ని అడగండి, ఆ జతని టెస్ట్ చేసింది పాత ఇన్‌సోల్‌తోనే.

బూట్ల రెసిస్టెన్స్ చూసే టెస్టర్ మీద నిలబడేది బూట్లు వేసుకున్న వెంటనే కాదు, ఐదు పది నిమిషాలు నడిచి, పాదానికి కాస్త చెమట పట్టాక.