పాత గిటార్ చూడ్డానికి వెళ్తే కాగితం ముక్క, స్కేలు తీసుకెళ్లండి

సెకండ్ హ్యాండ్ అకూస్టిక్ గిటార్ చేతికి రాగానే వాయించెయ్యకండి. ముందు బ్రిడ్జి (తీగల కింది కొసల్ని పట్టుకునేలా గిటార్ పెట్టె మీద అంటించిన చెక్క ముక్క) వెనక అంచు చూడండి. కాగితం దాని కిందికి దూరిందంటే జిగురు వదిలేస్తోందన్నమాట, తీగల లాగుడుకి అది ఇంకా లేస్తుంది.

తర్వాత 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) మీద లావు తీగ ఎంత ఎత్తులో ఉందో కొలవండి. 2.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే వేళ్లకు హాయి. ఎక్కువుంటే టెన్షన్ పడక్కర్లేదు. మెడ కాస్త ముందుకు వంగితే దాని లోపల ఉండే సర్దుబాటు కడ్డీ, అంటే ట్రస్ రాడ్‌తో సరవుతుంది. మెడ బాగానే ఉంటే శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న పట్టీ) చూడాలి, అసలు సంగతి అక్కడే ఉంది. అది బ్రిడ్జి పైకి బాగా కనిపిస్తుంటే అడుగున అరగదీయొచ్చు. 1 మిల్లీమీటరు తీస్తే 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగుతుంది. కొంచెం కొంచెంగా తీయండి, ఎక్కువ తీస్తే తీగలు జరజరమంటాయి. శాడిల్ ఇప్పటికే అరిగిపోయి, తీగలు ఇంకా ఎత్తులోనే ఉంటే మాత్రం ఆ గిటార్ వదిలేయండి. మెడ కోణమే మారి ఉంటుంది, ఆ రిపేరు చాలా ఖరీదు.

గీతలు, వెలిసిన పాలిష్ పట్టించుకోకండి. ట్యూనింగ్ కీలు వదులైతే మార్చుకోవచ్చు. కొత్త తీగలు మాత్రం ఆ రోజే వేసుకోండి.