నెలలు నిండని బిడ్డను ఇంటికి తెచ్చుకునే ముందు

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను బెంగళూరులో ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) నుంచి ఇంటికి తెస్తున్నారా? డిశ్చార్జ్ బిల్లు హడావిడిలో ఇవి మర్చిపోకండి.

- కంటి రెటీనా పరీక్ష, అంటే నెలలు నిండని పిల్లల రెటీనాకు వచ్చే ఆర్‌ఓపీ అనే జబ్బు ఉందేమో చూసే పరీక్ష. 34 వారాల లోపు గానీ రెండు కిలోల లోపు గానీ పుట్టినవాళ్లకు పుట్టిన 30 రోజుల్లోపే మొదటిసారి చూపించాలి, మరీ చిన్నవాళ్లకు ఇంకా ముందే. పైకి కళ్లు బాగానే కనిపిస్తాయి కాబట్టి వాయిదా వేస్తుంటారు, కానీ ఆలస్యమైతే చూపే పోవచ్చు. తర్వాతి తేదీ ఫైల్లో రాయించుకోండి.
- వినికిడి పరీక్ష అయ్యిందా?
- బిడ్డకు డైపర్, టోపీ, సాక్సులు మాత్రం ఉంచి ఛాతీకి ఆనించి పట్టుకునే కంగారూ పద్ధతిని నర్సు ఎదుటే చేసి చూడండి. నాన్న కూడా నేర్చుకోవాలి, తప్పించుకోనివ్వకండి.
- పాలు ఎన్ని గంటలకు, ఎంత, ఎలా పట్టాలో కాగితం మీద రాయించుకోండి.
- ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్ వైపు వెళ్లాలంటే రద్దీ లేని వేళ చూసుకోండి, ఏసీ గాలి బిడ్డకు తగలకూడదు.
- ఊరి నుంచి వచ్చే అమ్మమ్మతో ముందే మాట్లాడండి: సాంబ్రాణి పొగ వద్దు, డాక్టర్ చెప్పేదాకా స్నానం వద్దు. జలుబున్న చుట్టాలు తర్వాత వస్తారు, ఏమనుకున్నా సరే.
- పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఆగినట్టనిపించినా ఫోన్లో సలహాలు అడుగుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.