బిల్లులో సర్‌ఛార్జి కనిపిస్తే ఎలా సరిచూసుకోవాలి?

కరెంటు బిల్లు, రైలు టికెట్టు, పెట్రోలు బంకు స్లిప్పు, ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క. అన్నిట్లోనూ ఎక్కడో ఒకచోట సర్‌ఛార్జి అనే మాట తగులుతుంది. ఉన్న ధర మీదో, కట్టే పన్ను మీదో, ఏదో ఒక కారణం చూపించి అదనంగా వేసే సొమ్మే సర్‌ఛార్జి. జీఎస్టీ వేరు, ఇది వేరు. లెక్క మాత్రం ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటుంది. విజయవాడ, గుంటూరు వాళ్ల చేతికి మామూలుగా వచ్చే బిల్లులతోనే దాన్ని ఎలా చూసుకోవాలో చెప్తాను.

ముందు, దేని మీద వేశారో పట్టుకోండి

శాతం ఎంత అని చూసేముందు అది దేని మీద శాతమో చూడాలి. ఎక్కువమంది కంగారు పడేది ఇక్కడే. రాజధాని చుట్టుపక్కల స్థలం అమ్మినవాళ్ల ఆదాయం ఆ ఏడాది 50 లక్షలు దాటిందనుకోండి, 10 శాతం సర్‌ఛార్జి పడుతుంది. అంటే 5 లక్షలు పోయినట్టేనా? కాదు. ఆ 10 శాతం ఆదాయం మీద కాదు, పన్ను మీద. పన్ను 8 లక్షలు తేలితే సర్‌ఛార్జి 80 వేలు. ఆ రెండూ కలిపిన 8,80,000 మీద 4 శాతం సెస్సు, అంటే మరో 35,200. ఆదాయం 50 లక్షల గీతను కొద్దిగా మాత్రమే దాటినవాళ్లకి మార్జినల్ రిలీఫ్ (గీత దాటిన ఆదాయం కంటే పన్ను ఎక్కువ పెరగకుండా ఇచ్చే తగ్గింపు) ఉంటుంది, ఆడిటర్‌ని తప్పకుండా అడగండి.

కరెంటు బిల్లు: ఈ నెల యూనిట్లతో గుణించకండి

మనకి కరెంటు ఇచ్చే సంస్థ సీపీడీసీఎల్ బిల్లులో ఎనర్జీ ఛార్జీలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు, విద్యుత్ సుంకం ఒక వరస. వాటి కింద ఎఫ్‌పీపీసీఏ అని ఒకటి ఉంటుంది. జనం ఇంధన సర్‌ఛార్జి అంటున్నది దీన్నే. ఏడాది మొదట్లో విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) టారిఫ్ ఖరారు చేసేటప్పుడు బొగ్గు, కరెంటు కొనుగోలు ధరలు ఇంత ఉంటాయని ఒక అంచనా వేసుకుంటారు. అసలు ఖర్చు అంచనా దాటితే ఆ తేడాని మన మీద వేస్తారు. 2023 నుంచి ఈ తేడాని ఏ నెలకానెల లెక్కగట్టి, రెండు నెలల తర్వాత బిల్లులో కలుపుతున్నారు. యూనిట్‌కి 40 పైసలు దాటకూడదని పరిమితి పెట్టారు.

అందుకే చేతిలో ఉన్న బిల్లు యూనిట్లతో గుణిస్తే లెక్క కుదరదు. రెండు నెలల కిందటి బిల్లు తీయండి. మే నెలలో ఏసీ తిరిగి 220 యూనిట్లు కాలాయి, రేటు 40 పైసలు అనుకుంటే, జూలై బిల్లులో 88 రూపాయలు పడాలి. అంతకంటే ఎక్కువుంటేనే అడగాల్సిన పని.

అద్దెకుండేవాళ్లకి దీనితో చిక్కు ఉంది. మీరు జూన్‌లో ఇల్లు మారితే, పాత అద్దెదారు మేలో వాడిన కరెంటు తాలూకు సర్‌ఛార్జి మీ బిల్లులో పడుతుంది. 2014 నుంచి 2019 దాకా వాడిన కరెంటుకి ట్రూ-అప్ ఛార్జీలు (అంచనాకీ అసలు ఖర్చుకీ ఉన్న తేడాని తర్వాత వసూలు చేసేవి) 2022 ఆగస్టులో వేయడం మొదలుపెట్టినప్పుడు, అంతకు ఎన్నో ఏళ్ల తర్వాత ఆ ఇంట్లోకి వచ్చినవాళ్లు కట్టాల్సివచ్చింది. ఇది నాకైతే న్యాయంగా అనిపించదు. మీటరుకి బాకీ రాస్తారు, మనిషికి కాదు. కాబట్టి ఇంట్లో దిగేముందే గత రెండు నెలల బిల్లులు ఓనర్‌ని అడిగి ఫొటో తీసుకోండి. "పాతవాళ్ల సర్‌ఛార్జి అద్దెలో తగ్గించండి" అని అప్పుడే మాట్లాడుకుంటే తర్వాత గొడవ ఉండదు.

గడువు దాటాక కడితే పడే ఆలస్యపు సర్‌ఛార్జి వేరే. అదొక్కటే పూర్తిగా మన చేతిలో ఉన్నది.

రైలు: బండి నంబరు చూడండి

సూపర్‌ఫాస్ట్ సర్‌ఛార్జికి దూరంతో పనిలేదు. జనరల్, సెకండ్ సిటింగ్‌కి 15 రూపాయలు, స్లీపర్‌కి 30, ఛైర్‌కార్, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీలకి 45, ఫస్ట్ ఏసీకి 75. గుంటూరు నుంచి సికింద్రాబాద్ వెళ్లేవాళ్లు గోల్కొండ ఎక్కితే ఇది ఉండదు, దాని నంబరు 17201. పల్నాడు ఎక్కితే ఉంటుంది, అది 12747. నంబరు 12, 20, 22తో మొదలైతే సూపర్‌ఫాస్ట్ అని గుర్తు. జనరల్ టికెట్టు తీసేటప్పుడు మామూలు ఎక్స్‌ప్రెస్ టికెట్టు తీసుకుని విజయవాడలో పినాకిని ఎక్కేసి, టీసీ దగ్గర ఇబ్బందిపడేవాళ్లున్నారు. కౌంటర్లో బండి పేరు చెప్పి అడగండి.

ఐఆర్‌సీటీసీలో కట్టే కన్వీనియన్స్ ఫీజు దీనికి సంబంధం లేనిది. టికెట్టు రద్దు చేసుకున్నా అది తిరిగిరాదు.

షాపులో కార్డు గీకేటప్పుడు

బీసెంట్ రోడ్డులో గానీ, అరండల్‌పేటలో గానీ ఫోనో టీవీనో కొని కార్డు తీస్తే, "కార్డైతే రెండు పర్సెంట్ ఎక్స్‌ట్రా పడుద్దండి" అనే మాట వినే ఉంటారు. మెషిన్ వాడినందుకు షాపువాళ్లు బ్యాంకుకి కట్టాల్సిన ఎండీఆర్‌ని మన మీదకి తోయడమే ఇది. డెబిట్ కార్డుకి అలా తోయకుండా చూడాలని రిజర్వ్ బ్యాంకు 2017 డిసెంబరులోనే బ్యాంకులకి చెప్పింది. బ్యాంకు ఖాతా నుంచి వెళ్లే యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి 2020 జనవరి నుంచి ఎండీఆరే లేదు. లేని ఖర్చుకి అదనం అడగడమేంటి? కాబట్టి డెబిట్ కార్డుకీ, యూపీఐకీ ఇవ్వనవసరం లేదు.

క్రెడిట్ కార్డు సంగతి అంత తేలిక కాదు. అందుకే బేరం కుదిరాక కాదు, ధర అడిగినప్పుడే "కార్డుకీ ఇదే రేటాండీ?" అని అడగండి. ఎక్స్‌ట్రా ఉందంటే ఆ మొత్తాన్ని బిల్లులో విడిగా రాసివ్వమనండి. రాయాల్సివచ్చేసరికి చాలామంది తగ్గుతారు.

పెట్రోలు బంకులో క్రెడిట్ కార్డుకి సాధారణంగా 1 శాతం సర్‌ఛార్జి, దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. వెయ్యి రూపాయలు కొట్టిస్తే 11 రూపాయల 80 పైసలు. మినహాయింపున్న కార్డైతే 10 రూపాయలు స్టేట్‌మెంట్‌లో వెనక్కొస్తాయి, జీఎస్టీ 1.80 రాదు. కొట్టించే మొత్తం బ్యాంకు పెట్టిన కనిష్ఠ, గరిష్ఠ పరిమితుల మధ్య ఉంటేనే ఆ మినహాయింపు.

హోటల్లో సర్వీస్ ఛార్జి

దీన్ని బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే తీసేయమనండి. జీఎస్టీ మాత్రం కట్టాల్సిందే.

తేడా వస్తే

మొదట అక్కడే అడగండి. కుదరకపోతే కరెంటు బిల్లుకి 1912, షాపు, హోటల్ విషయాలకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫోన్ చేసేముందు బిల్లు ఫొటో, డబ్బు వెళ్లిన మెసేజ్ దగ్గర పెట్టుకోండి. థర్మల్ కాగితం మీద వచ్చే స్లిప్పులు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి, కాబట్టి ఆ ఫొటో కొన్నరోజే తీయండి. ఫిర్యాదు నంబరు ఇచ్చేదాకా ఫోన్ పెట్టేయొద్దు.